మూడు గ్లాసులు, ఒక సుద్దముక్క

"అవ్వ చూడకుండా వంటింట్లోంచి మూడు గాజు గ్లాసులు పట్టుకురా" అన్నాను బుజ్జమ్మతో.

సంక్రాంతి సెలవులకు హైదరాబాదు నుంచి దిగింది నా మనవరాలు. ఏడో తరగతి. వచ్చి రెండు రోజులు కాలేదు, మైపాడు సముద్రం చూసేసింది, చేపల పులుసు తినేసింది, ఇక ఊళ్లో చెయ్యడానికి ఏమీ లేదని తేల్చేసి ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆ ఫోను పక్కన పెట్టించడానికి నాకు తెలిసిన మంత్రం ఒక్కటే, ఏదో ఒకటి కలిపి ఇల్లు పాడుచెయ్యడం. ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినవాణ్ణి, అది మాత్రం బాగా వచ్చు.

గ్లాసులు వచ్చాయి. అవ్వ చూడనే చూసింది. "మళ్లీ మొదలుపెట్టాడు ముసలాయన" అన్న మాట వంటింట్లోంచి వినబడింది. అది మా ఇంట్లో అనుమతి కిందే లెక్క.

ముందురోజే రెండు రకాల మట్టిగడ్డలు తెచ్చి నీడన ఆరబెట్టి ఉంచాను. ఒక్కోటి ఉసిరికాయంత. ఒకటి మా పెరట్లో మునగచెట్టు కిందిది. తక్కిన రెండూ మా తమ్ముడి పొలం తూర్పు మూల నుంచి తెచ్చినవి. మొదటి రెండు గ్లాసుల్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పోశాను. మూడో దాంట్లో బుజ్జమ్మ నిన్న మైపాడు నుంచి సీసాలో పట్టుకొచ్చిన సముద్రపు నీళ్లు. మొదటి గ్లాసులో మునగచెట్టు మట్టి, తక్కిన రెండిట్లో తమ్ముడి పొలం మట్టి వేశాం. కదపకూడదు, కలపకూడదు, ఊరికే చూస్తూ ఉండాలి.

మునగచెట్టు గడ్డ బుడగలు వదిలి, ఒక పక్క కాస్త విరిగి, అట్టాగే కూర్చుంది. పైన నీళ్లు తేటగానే ఉన్నాయి. రెండో గ్లాసులో ఐదు నిమిషాలకే గడ్డ చుట్టూ పాల మీగడ లాంటి పొగ లేచింది. ఆ పొగ మెల్లగా పక్కలకు పాకి, పైకి లేచి, గంటయ్యేసరికి గ్లాసంతా పాలెక్కువైన కాఫీ అయిపోయింది. మూడో గ్లాసులో అదే పొలం, అదే మట్టి. గడ్డ విడిపోయి అడుక్కు చేరింది గానీ నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

బుజ్జమ్మ మూడు గ్లాసుల వంకా మార్చి మార్చి చూసింది. "ఏంది తాతా ఇది? మంచినీళ్లలో వేస్తే పాడైంది, ఉప్పునీళ్లలో వేస్తే బాగుంది?"

ఈ ప్రశ్న నాకు 1995లో తట్టి ఉంటే మా తమ్ముడికి మూడేళ్ల పంట మిగిలేది.

ఆ కథ కొంచెం వెనకనుంచి చెప్పాలి. మా ఇందుకూరుపేట వైపు పొలాలన్నీ పెన్న నీళ్లతో పండినవే. మొలగొలుకులు అంటే నెల్లూరికి ఎంత పేరో మా తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. తొంభైల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. కావలి నుంచి తడ దాకా, ఉప్పుటేరు ఎక్కడుంటే అక్కడ, బకింగ్‌హాం కాలువ వెంబడీ గుంటలే గుంటలు. వరి పండించి సంవత్సరమంతా ఎండలో నిలబడితే మిగిలే దానికంటే గట్టు మీద కూర్చుని తీసుకునే లీజు డబ్బే ఎక్కువ. మా తమ్ముడు రెండున్నర ఎకరాలు ఇచ్చేశాడు. తప్పంటానా? అనను. ఆ రేట్లకు నేనైనా ఇచ్చేవాణ్ణి.

ఉప్పుటేరు నుంచి ఇంజిన్లు పెట్టి నీళ్లు తోడి పోశారు. మూడేళ్లు బాగా నడిచింది. 1994 చివర్లో తెల్లమచ్చ రోగం వచ్చింది. వైట్ స్పాట్ అంటారు, వైరస్. ఒంటి మీద తెల్లటి మచ్చలతో రొయ్యలు గట్టు వారకు వచ్చి చచ్చిపోయేవి, కాకులు ఎగబడేవి. కొన్ని రోజుల్లోనే గుంటకు గుంట ఖాళీ. లీజుకు తీసుకున్నాయన చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఇంజిను షెడ్డు మీది రేకులు కూడా ఊడదీసుకుపోయాడు, పొలం మాత్రం వదిలిపెట్టాడు. తరవాత 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. తమిళనాడులో గాంధేయవాది జగన్నాథన్ వేసిన కేసు అది. తీరం వెంబడి నియంత్రణ మండలంలో, అంటే పోటు గీత నుంచి 500 మీటర్ల లోపు, రొయ్యల పరిశ్రమ పెట్టకూడదన్నారు. కలుషితం చేసినవాడే బాగుచేసే ఖర్చు పెట్టుకోవాలన్నారు. ఆ తరవాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్‌కు విడిగా చట్టమూ, అథారిటీ వచ్చాయి, 2009 నుంచి వనామీ రొయ్య వచ్చింది, గుంటలు మళ్లీ నిండాయి. అదంతా వేరే పురాణం. మనకు కావలసింది తమ్ముడికి తిరిగొచ్చిన రెండున్నర ఎకరాలు.

గుంట ఎండగానే నేల మీద తెల్లగా ఉప్పు పూసింది. పొద్దున చూస్తే మంచు కురిసినట్టుండేది. మన రైతులు దాన్ని పాలచౌడు అంటారు. తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, నువ్వు సైన్సు అయ్యవారివి గదా, ఏం జెయ్యమంటావు?"

నేను క్షణం ఆలోచించలేదు. ఆరో తరగతి పాఠం. ఉప్పు నీళ్లలో కరుగుతుంది. కాలువ నీళ్లు నిండా పెట్టు, రెండు రోజులు నిలబెట్టు, తియ్యి. మళ్లీ పెట్టు, మళ్లీ తియ్యి. పైగా అక్టోబరు నుంచి వానలు మనకు ఎట్టాగూ ఉన్నాయి.

వాడు అట్టాగే చేశాడు. ఆ ఏడు వానలూ సహకరించాయి. తెల్లపూత పోయింది. పొలంలోంచి బయటికొచ్చే నీళ్లు నేను నాలుక మీద వేసుకుని చూశాను కూడా. మొదట ఉప్పగా, తరవాత చప్పగా, ఆఖరికి తియ్యగా. ఎంత గర్వపడ్డానో చెప్పలేను. బళ్లో పిలకాయలకు కూడా చెప్పాను, మా తమ్ముడి పొలం కడిగేశాం అని.

నారు పోసే వేళకు అసలు సంగతి బయటపడింది. పొలంలో పెట్టిన నీళ్లు సిమెంటు తొట్టిలో పోసినట్టు పైనే నిలబడ్డాయి. చిన్న గడ్డ పెళ్లగిస్తే జానెడు లోతున పొడి మట్టి. పైన బురద జిగట జిగటగా, సబ్బు నీళ్లలో చెయ్యి పెట్టినట్టు జారుతోంది. నీళ్లు ఎండితే రాయి. నాగలి కర్రు జారిపోయేది. నేల మీద అక్కడక్కడా నల్లగా, నూనె ఒలికినట్టు మరకలు. దాన్ని కారుచౌడు అంటారు. పాలచౌడు కంటే పది రెట్లు మొండిది. "అన్నా, నువ్వు చెప్పకముందే నయంగా ఉండె" అన్నాడు తమ్ముడు. ఆ మాటకు జవాబు చెప్పడానికి నాకు చాలా కాలం పట్టింది.

బుజ్జమ్మకు ఇట్ట చెప్పాను. బంకమట్టిని బాగా పెద్దది చేసి చూస్తే పేకముక్కల కట్ట. ఒక్కో ముక్క మందం మిల్లీమీటరులో పది లక్షలో వంతు మాత్రమే. ఈ ముక్కలన్నిటికీ రుణ విద్యుదావేశం ఉంటుంది. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి కదా, మరి కట్టగా ఎట్ట కూర్చున్నాయి? మధ్యలో ధనావేశం ఉన్నవాళ్లు కూర్చుని రెండు పక్కలవాళ్లనూ పట్టుకున్నారు కాబట్టి. మంచి నేలలో ఆ మధ్యవర్తి కాల్షియం. దానికి రెండు చేతులు. ఒక చేత్తో ఈ ముక్కను, ఇంకో చేత్తో ఆ ముక్కను పట్టుకుంటుంది. కట్టలు కట్టలుగా చేరిన బంకమట్టి రవ్వలవుతుంది, రవ్వల మధ్య సందులుంటాయి, సందుల్లోంచి నీళ్లు దిగుతాయి, గాలి ఆడుతుంది, వేరు దూరుతుంది. నేల గుల్లగా ఉందని రైతు అనేది దీన్నే.

సోడియానికి ఒకే చెయ్యి. పైగా అది తన చుట్టూ నీళ్ల మూట కట్టుకు తిరుగుతుంది. మైపాడు బస్సులో రెండు సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషిని ఊహించుకోండి, పక్కవాడు సీటు అంచుకు జరిగిపోతాడు. అట్టాగే సోడియం కూర్చున్న చోట పేకముక్కలు దూరం దూరం జరిగిపోతాయి. నూరు సీట్లలో 15కు మించి సోడియం కూర్చుంటే నేల కారుచౌడు కిందికి వచ్చిందని లెక్క. సముద్రపు నీళ్లలో లీటరుకు సోడియం 10 గ్రాములకు పైన, కాల్షియం అర గ్రాము కూడా లేదు. మూడేళ్లు ఆ నీళ్లలో నానిన మట్టిలో సీట్లెవరు ఆక్రమించి ఉంటారో వేరే చెప్పాలా?

"మరి సముద్రపు నీళ్ల గ్లాసు తేటగా ఉందేంది?"

అదే కిటుకు. నీళ్లలో ఉప్పు బాగా చిక్కగా ఉన్నంతసేపు ఆ చిక్కదనమే ముక్కలను దగ్గరికి నొక్కి ఉంచుతుంది. ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసేచోట చూశారా? ఏరు మోసుకొచ్చిన ఎర్రనీళ్ల బురద ఉప్పునీళ్లు తగలగానే గడ్డకట్టి అడుక్కు దిగుతుంది. డెల్టాలు పుట్టడంలో ఆ ఉప్పుకు కూడా వాటా ఉంది. తమ్ముడి పొలంలోనూ ఉప్పున్నంత కాలం నేల రూపం చెడలేదు, చెడిందల్లా పంటే. నేను మంచినీళ్లు పోయించి నొక్కిపట్టిన చేతిని తీసేశాను, సీట్లలో కూర్చున్న సోడియాన్ని మాత్రం లేపలేదు. అంతే, ముక్కలన్నీ విడిపోయి, నీళ్లలో తేలి, సందుల్లోకి కారి, రంధ్రాలన్నీ పూడ్చేశాయి. ఉప్పు వేరు, సోడియం వేరు. మొదటిది నీళ్లతో పోతుంది. రెండోది పోవాలంటే దాని సీటు కోసం ఇంకొకరు రావాలి.

మన చాకళ్లు సబ్బు రాకముందు చౌడుమట్టితో బట్టలు ఉతికేవాళ్లు. మురికి వదలగొట్టేది అందులోని సోడియం కార్బొనేటే, చాకలిసోడా. ఊరి బట్టలన్నిటికీ తెలుపు తెచ్చే మట్టి తనను తాను శుభ్రం చేసుకోలేకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

సరే, ఆ ఇంకొకరు ఎవరు? నా పాత పెట్టె తీసి సుద్దముక్క ఒకటి బుజ్జమ్మ చేతిలో పెట్టాను. ముప్పై ఏళ్లు నా వేళ్ల మధ్య అరిగిన మందు అదే. మన బళ్లలో వాడే సుద్దముక్కలు చాలావరకు పేరుకే సుద్ద. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీళ్లలో కలిపి అచ్చుల్లో పోస్తే గట్టిపడి జిప్సం అవుతుంది, మనం రాసేది దాంతో. అనుమానముంటే నిమ్మకాయ పిండి చూడండి. బుస్సుమని పొంగితే నిజం సుద్ద, కాల్షియం కార్బొనేట్. ఉలకకపోతే జిప్సం, కాల్షియం సల్ఫేట్. మాది ఉలకలేదు.

దాన్ని గీకి చిటికెడు పొడి రెండో గ్లాసులో వేసి పుల్లతో తిప్పాం. వెంటనే ఏమీ కాలేదు. బుజ్జమ్మ మొహం ముడుచుకుంది. అన్నం తిని వచ్చి చూస్తే గ్లాసులో మబ్బు విరిగి పిండి పిండిగా కిందికి దిగుతోంది, పైన రెండు వేళ్ల మందాన తేటనీళ్లు. పాతకాలంలో బిందెలో బురదనీళ్లకు చిల్లగింజ అరగదీసేవాళ్లం, తరవాత పటిక తిప్పేవాళ్లం. ఇదీ ఆ కుటుంబమే. కాల్షియం వచ్చి రెండు చేతులతో రెండు ముక్కలను పట్టుకుంది, సోడియం సీటు వదిలి నీళ్లలోకి దిగింది, జిప్సంలోని సల్ఫేట్‌తో జత కట్టింది. సోడియం సల్ఫేట్ నీళ్లలో సులువుగా కరుగుతుంది. ఇప్పుడు మంచినీళ్లు పెడితే కొట్టుకుపోతుంది. అంటే నేను చెప్పిన మందు తప్పు కాదు, వరస తప్పు. ముందు కాల్షియం, తరవాత నీళ్లు.

ఈ పాఠం నేర్చుకున్నది మేమొక్కళ్లమే కాదు. 1953 ఫిబ్రవరి మొదట్లో ఉత్తర సముద్రం పొంగి హాలండ్‌లోనూ, ఇంగ్లండ్ తూర్పు తీరంలోనూ పొలాల మీద పడింది. నీళ్లు తీసిన వెంటనే నేలలు బాగానే కనిపించాయి. తరవాత వానలు పడి ఉప్పు తగ్గేకొద్దీ నేల జిగటెక్కింది. అక్కడ జిప్సం చల్లారు. ఉప్పునీళ్లు తాగిన బంకనేలను తడి మీద దున్నొద్దని, పశువులను దింపొద్దని రైతులకు చెప్పారు. మన తీరానికి ఇట్టాంటివి కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను మా వయసువాళ్లకు ఇంకా కళ్ల ముందే ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తరవాత నాగపట్నం వైపు పొలాల్లో జిప్సం, జీలుగ రెండూ వాడారు. మనకు దగ్గరలో బాపట్లలో చౌడునేలల మీద, ఉప్పునీళ్ల వాడకం మీద పరిశోధన ఏళ్లుగా నడుస్తోంది. ఉత్తరాదిన కర్నాల్‌లో 1969లో పెట్టిన కేంద్ర సంస్థ పని కూడా అదే, పంజాబు, హర్యానా చౌడు భూములను వరి పొలాలుగా మార్చడంలో దాని చెయ్యి పెద్దది. ఇంతమంది ఉండగా నేను ఆరో తరగతి పుస్తకం దగ్గర ఆగిపోయాను.

"సుద్దకు బదులు సున్నం వేస్తే రాదా తాతా? సున్నంలో కూడా కాల్షియమే గదా" అంది బుజ్జమ్మ. మంచి అనుమానం. పులికాట్ దగ్గర గుల్ల తెచ్చి కాల్చి సున్నం చేసేవాళ్లు, మనకు దానికి కరువు లేదు. కానీ సున్నం నేలలో క్షారం పెంచుతుంది. కారుచౌడుకు ఉన్న జబ్బే అది, పీహెచ్ అప్పటికే ఎనిమిదిన్నర దాటి ఉంటుంది. నిజం సుద్ద వేద్దామా అంటే అట్టాంటి నేలలో దాదాపు కరగదు. జిప్సం లీటరు నీళ్లకు రెండున్నర గ్రాముల దాకా కరుగుతుంది, సుద్ద శుద్ధమైన నీళ్లలో అందులో వందో వంతు కూడా కరగదు. కరగని కాల్షియం జేబులో లేని డబ్బు.

ఆ రెండున్నర గ్రాముల లెక్క రైతుకు ఎంత పెద్ద లెక్కో కాగితం మీద వేసి చూపించాను. ఒక టన్ను జిప్సం కరగాలంటే 4 లక్షల లీటర్ల నీళ్లు కావాలి. ఎకరా పొలం మీద అది 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు. మా తమ్ముడి పొలానికి మట్టి పరీక్ష ఎకరాకు రెండు టన్నుల చిల్లర చెప్పింది. అంటే 20 సెంటీమీటర్ల పైన నీళ్లు, అవీ పైపైన పారిపోకుండా నేలలోకి దిగాలి. నేల దిగనివ్వదాయె! అందుకే మొదటి ఏడు జిప్సం జానెడు లోతు లోపలే కలిపి, పొలాన్ని చిన్న చిన్న మళ్లు చేసి, నీళ్లు నిలబెట్టి, ఒక అంగుళం దిగితే పండగ చేసుకున్నాం. కాస్త కాల్షియం దిగితే కాస్త సందు తెరుచుకుంటుంది, ఆ సందులోంచి ఇంకాస్త దిగుతుంది. మొండి పిల్లవాడికి అన్నం తినిపించినట్టే.

దిగిన నీళ్లు పోవడానికి దారి కూడా కావాలి. తీరంలో తవ్వితే మనిషి లోతులోనే ఉప్పునీళ్లు. చుట్టూ మురుగుకాలువ లోతుగా తవ్వకపోతే కిందికి దిగిన సోడియం ఎండాకాలంలో దీపం ఒత్తిలోకి నూనె ఎక్కినట్టు మళ్లీ పైకి ఎక్కుతుంది. కాలువ తవ్వాం. ఆ కాలువ నీళ్లు కింద ఉన్న పొలం వారగా పోతున్నాయని పక్కాయన పంచాయితీ పెట్టాడు. ఆయన మాటలో న్యాయముంది. చివరికి కాలువను ఇంకో రెండు వందల గజాలు తవ్వుకుంటూ పోయి ఉప్పుటేట్లో కలిపాం. ఖర్చు మాదే. రేకులు ఊడదీసుకుపోయినాయన జాడ అప్పటికీ లేదు.

రెండో ఏడు జీలుగ చల్లాం. చౌడును తట్టుకునే మొక్క, వేరు లోతుకు పోతుంది. పూతకు వచ్చేవేళకు కలియదున్నాలి. కుళ్లేటప్పుడు బొగ్గుపులుసు గాలి పుడుతుంది, సోడాలో ఉండేదే. అది నేల నీళ్లలో కరిగి పులుపెక్కి, మట్టిలో ఎప్పటినుంచో పడి ఉన్న సుద్దరవ్వలను కరిగించి ఇంకాస్త కాల్షియం విడిపిస్తుంది. ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. జిప్సం, పచ్చిరొట్ట రెండూ ఒకేసారి వేయించి నీళ్లు తీయనివ్వకుండా నిలబెట్టించాను. నెలలోపు పొలం గట్టెక్కితే కుళ్లిన గుడ్డు వాసన. వరి మొక్క పీకి చూస్తే వేళ్లు నల్లగా ఉన్నాయి. గాలి అందని బురదలో సూక్ష్మజీవులు సల్ఫేట్‌లోని ఆక్సిజన్ లాక్కుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. నేను సోడియాన్ని పంపడానికి పిలిచిన సల్ఫేట్ వాటికి విందయింది. నీళ్లు తీసేసి నేల నెర్రెలు విచ్చేదాకా ఆరబెడితే కొత్త వేళ్లు తెల్లగా వచ్చాయి. ఆకుల మీద తుప్పు మచ్చలు కనిపిస్తే జింకు సల్ఫేట్ వేశాం, చౌడునేలలో జింకు ఉన్నా మొక్కకు అందదు.

బట్టకు మరక పడితే సబ్బు పెడతాం, మరక పోతుంది, బట్ట బట్టగానే ఉంటుంది. మట్టి అట్ట కాదు. దాంట్లోంచి ఒకటి తీయడానికి వేసిన మందు ఇంకో నాలుగింటిని కదిలిస్తుంది. జిప్సమే చూడండి, ఇంత నెమ్మదైన మందు, ఇదీ సోడియంతో పాటు కొంత మెగ్నీషియాన్ని, పొటాషియాన్ని కూడా సీట్లలోంచి లేపేస్తుంది. ఇక గట్టి మందుల సంగతి చెప్పాలా?

ఫ్యాక్టరీల చుట్టూ సీసం, రాగి, కాడ్మియం లాంటి లోహాలు పట్టిన మట్టిని ఆమ్లాలతో కడుగుతారు. లోహం వస్తుంది. దాంతో పాటే కాల్షియమూ, ఇనుమూ వచ్చేస్తాయి, మిగిలింది పుల్లటి పిప్పి. ఈడీటీఏ అని ఒక పదార్థం ఉంది, లోహాన్ని పీత డెక్కలతో పట్టినట్టు పట్టి తీసుకొస్తుంది. కానీ అది త్వరగా చెడదు, మట్టిలో మిగిలిపోతే పట్టిన లోహాన్ని పట్టుకునే భూగర్భజలంలోకి దిగిపోగలదు. నూనెలు, పురుగుమందులు ఇంకిన నేలలో హైడ్రోజన్ పెరాక్సైడ్, ఇనుము కలిపి పోస్తారు. 1890లలో ఫెంటన్ అనే ఆంగ్లేయుడు కనిపెట్టిన చర్య అది. పొయ్యి లేకుండా మంట పెట్టడమే అనుకోండి. మంటకు చెత్తేదో, ఎరువేదో తెలుసా? ఏళ్ల తరబడి చేరిన జీవపదార్థాన్నీ, దాంట్లో కాపురమున్న సూక్ష్మజీవులనూ కలిపి కాలుస్తుంది. పరీక్షలో మట్టి శుభ్రమైందని వస్తుంది, విత్తనం వేస్తే మొలవకపోవచ్చు.

మాకు దక్షిణాన తమిళనాడు రాణిపేటలో ఒక క్రోమియం ఫ్యాక్టరీ మూతపడి లక్ష టన్నులకు పైగా వ్యర్థం గుట్టగా మిగిలింది. దాంట్లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం నీళ్లలో కరిగి పారే విషం. దానికి ఇనుప ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్ లాంటిది, తగిలిస్తే మూడు వేలెన్సీకి దిగి, కరగకుండా మట్టికి అతుక్కుని కూర్చుంటుంది. ఇక్కడ తీసెయ్యడం లేదు, కదలకుండా కట్టెయ్యడం. నన్నడిగితే చాలా చోట్ల అదే మంచిదంటాను. కానీ కట్టేసినది ఎన్నేళ్లు కట్టి ఉంటుందో కాపలా కాసేవాడు కావాలి.

"నెమ్మదిగా కడిగేది ఏమీ లేదా?" అంది బుజ్జమ్మ. అవ్వ అప్పుడే ఇత్తడి బిందె బయటేసుకుని చింతపండుతో తోముతోంది. చూపించాను. చిలుము రాగి సమ్మేళనమే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం దాన్ని పట్టి లాగేస్తుంది. మట్టిలోంచి లోహాలు తీయడానికి టార్టారిక్, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లాలను కూడా వాడతారు. ఈడీటీఏ అంత బలంగా లాగవు, కానీ పని అయ్యాక సూక్ష్మజీవులు వాటిని తినేస్తాయి. రొయ్యల గుంటల్లో నాచుకు, నత్తలకు మైలుతుత్తం వేస్తే మిగిలే రాగి కూడా ఈ జాతి మరకే. బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ ఎండకు ఎగిరిపోతుంది, రాగి ఎక్కడికీ పోదు.

"తోమినప్పుడల్లా బిందె కొంచెం అరుగుతుంది గదా అవ్వా?" అంది బుజ్జమ్మ.

"మా అమ్మ ఇచ్చిన బిందె. అప్పట్లో ఇంకా బరువుండేది" అంది అవ్వ, చేతులు ఆపకుండా.

తమ్ముడి పొలం నాలుగో ఏడు ఎకరాకు పుట్టిన్నర చొప్పున వడ్లు ఇచ్చింది. మా పుట్టి 850 కిలోలు. గుంటకు ముందు వాడికి మూడు పుట్లు పండేవి. ఇప్పుడు రెండున్నరకు అటూ ఇటూ ఆడుతోంది. తూర్పు మూల పది సెంట్లు మాత్రం నేటికీ తేలలేదు, పల్లం అది, నీళ్లు దిగే దారి లేదు. ఎర్రకాడల ఉప్పుకూర తప్ప ఏదీ మొలవదు. గ్లాసుల్లో వేసిన గడ్డలు అక్కడివే.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి బుజ్జమ్మ అరుగు మీద ఉంది. రెండో గ్లాసు పూర్తిగా తేరుకుంది, అడుగున మట్టి ఒత్తుగా, పైన నీళ్లు కన్నీళ్లంత తేటగా. మెల్లగా వంచి ఆ నీళ్లు ఇంకో గ్లాసులోకి తీసుకుంది.

"మునగచెట్టుకు పోసేదా?"

"ఒద్దమ్మా. మట్టిలోంచి లేచిన సోడియమంతా ఇప్పుడు ఆ నీళ్లలోనే ఉంది."

"పక్కింటోళ్ల కాలవలో?"

నేను మాట్లాడలేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని వాకిట్లోకి వెళ్లి, చుట్టూ చూసి, "మరి ఎక్కడ పారబొయ్యను తాతా?" అని అక్కడే నిలబడింది.